క్లెయిమ్ చేశాక ఇంటి బీమా ప్రీమియం పెంచేశారు, దీనికి హద్దంటూ ఏమీ లేదా?

మధురవాడ_మూర్తి
ఇంటి బీమా ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మాది వైజాగ్ మధురవాడలో కొండవాలు కింద ఇండిపెండెంట్ ఇల్లు. బ్యాంకు లోను తీరిపోయినా పాలసీ మానకుండా భారత్ గృహ రక్ష కడుతూ వస్తున్నాను. మొన్న అక్టోబరులో మొంథా తుఫాను వానలకి వెనక ప్రహరీ కూలిపోయి బురదనీళ్లు వంటింట్లోకి, కింద బెడ్‌రూంలోకి వచ్చేశాయి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, దివాన్‌లో దాచిన బట్టలు అన్నీ పోయాయి. క్లెయిమ్ పెడితే సర్వేయర్ వచ్చారు, అక్కడ కోసి ఇక్కడ కోసి లక్షా పన్నెండు వేలు ఇచ్చారు. పోనీలే, వచ్చినంతే చాలనుకున్నాం. ఇప్పుడు రెన్యువల్ నోటీసు వచ్చింది. నిరుడు 3,186 కట్టాను, ఈసారి 5,257 కట్టాలట. ఫోన్ చేస్తే ఆ అమ్మాయి చాలా మర్యాదగా "సార్, మీకు క్లెయిమ్ హిస్టరీ ఉంది కదా" అంది. క్లెయిమ్ కోసం కాకపోతే బీమా ఎందుకు కడతాం? ఇంతకంటే పెంచకూడదని ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల మీద నియంత్రణ సంస్థ) రూల్ ఏదైనా ఉందా లేదా, అదొక్కటి తేల్చి చెప్పండి.

కంచరపాలెం_కుర్రాడు
లక్ష తీసుకుని రెండు వేలకి ఏడుస్తున్నావేటి గురూ

మధురవాడ_మూర్తి
@కంచరపాలెం_కుర్రాడు రెండు వేల గురించి కాదు తమ్ముడూ. ఈ ఏడు రెండు వేలు, వచ్చే ఏడు ఇంకెంత? ఆపేవాడు ఎవరూ అని అడుగుతున్నాను.

లాసన్స్‌బే_లత
మూర్తి గారూ, మీకు కనీసం డబ్బు వచ్చింది. మాది సముద్రం వైపు అయిదో అంతస్తు. హుద్‌హుద్ తుఫాను నాడు, 2014 అక్టోబరు 12న, బాల్కనీ తలుపు అద్దాలు మంచం మీదికి వచ్చి పడ్డాయి, మేం బాత్రూంలో దాక్కున్నాం. అప్పుడు బీమా లేదు. ఆ తర్వాత మా అపార్టుమెంటులో అందరూ ఎగబడి చేయించుకున్నారు, రెండేళ్లు గడిచేసరికి ఒక్కొక్కరే మానేశారు, ఇప్పుడు నేనూ పై ఫ్లాటు ఆవిడా మిగిలాం. ఈమధ్య గాలికి కిటికీ రెక్క ఊడి కింద కారు పక్కన పడింది. సర్వేయర్ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి కీలు దగ్గర గీకాడు, తుప్పు పొరలు పొరలుగా అతని చేతిలోకే రాలింది. "గాలి కాదు మేడమ్, ఇది ఉప్పు" అన్నాడు. అరుగుదల, తుప్పు పాలసీలో కవర్ కావు కాబట్టి సున్నా. అయినా రెన్యువల్‌కి నాకూ పెంచారు! పైసా ఇవ్వని క్లెయిమ్‌ని కూడా క్లెయిమ్ కింద లెక్కేస్తారా?

ఉప్పుగాలి
బీచ్ రోడ్డులో ఇల్లు కొన్నోళ్లకి వ్యూ ఫ్రీ, తుప్పు ఫ్రీ. బీమా మాత్రం ఎక్స్‌ట్రా 😄

టారిఫ్_తాతయ్య
నేను ప్రభుత్వ రంగ బీమా కంపెనీలో ఫైర్ డిపార్టుమెంటులో చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఏ కంపెనీకీ చుట్టాన్ని కాను, అందుకని ఉన్నదున్నట్టు చెబుతా. మూర్తి అడిగిన ప్రశ్నకి సూటిగా జవాబు: క్లెయిమ్ తర్వాత ఇంటి బీమా ప్రీమియం ఇంత శాతానికి మించి పెంచకూడదనే రూల్ మన దేశంలో లేదు.

మా రోజుల్లో టారిఫ్ అడ్వైజరీ కమిటీ అని ఉండేది, ఫైర్ రేట్లు ఆ పుస్తకంలో ఉన్నవే, ఏ కంపెనీకి వెళ్లినా అదే రేటు. కస్టమర్ బేరం ఆడినా మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు. 2007 జనవరి 1 నుంచి ఆ టారిఫ్ ఎత్తేశారు. పోటీ పెరిగి రేట్లు తగ్గాయి, అది కాదనలేం. తర్వాత 2021 ఏప్రిల్ 1 నుంచి ఐఆర్‌డీఏఐ ఈ భారత్ గృహ రక్ష తెచ్చింది. ఏది కవర్ అవుతుంది, ఏది కాదు అన్నది అన్ని కంపెనీలకీ ఒకటే, ప్రతి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ ఇది అమ్మి తీరాలి. మంచి పాలసీ. కానీ ధర మాత్రం కంపెనీ ఇష్టం. అన్నీ కట్టుదిట్టం చేసి ఆ ఒక్కటీ వదిలేశారు. మన గొడవంతా అక్కడే.

గాజువాక_గణేష్
తాతయ్య గారు చెప్పింది నిజమే గానీ హెల్త్‌కి రూల్ ఉంది కదండీ? ఒక మనిషి క్లెయిమ్ చేశాడని ఆ ఒక్కడి ప్రీమియం మీద లోడింగ్, అంటే అదనపు వడ్డన, వెయ్యకూడదు. పెంచితే ఆ పాలసీలో ఉన్న అందరికీ కలిపి పెంచాలి. పైగా 2025 జనవరిలో అరవై దాటినవాళ్లకి ఏడాదికి 10 శాతం కన్నా ఎక్కువ పెంచాలంటే ముందు మమ్మల్ని అడగండి అని ఐఆర్‌డీఏఐ ఆర్డరిచ్చింది. మా నాన్నగారి పాలసీ అందువల్లే బతికిపోయింది. మరి మనిషికి ఉన్న రూలు ఇంటికి ఎందుకు లేదు?

ఏజెంట్_అప్పారావు
ఎందుకంటే హెల్త్ కోట్లమంది కట్టుకుంటారు, గోల చేస్తారు. ఇల్లు ఎవరు కట్టుకుంటున్నారు? అక్కయ్యపాలెం నుంచి ఎన్‌ఏడీ వరకు తిరిగి చూడండి, లోను కోసం బ్యాంకు బలవంతం చేస్తే తప్ప ఒక్కడూ చేయించడు. కోటి రూపాయల ఇల్లు కట్టి ఏడాదికి మూడు వేలు దండగ అంటారు, గృహప్రవేశం భోజనాల్లో ఐస్‌క్రీం ఖర్చు అంతకన్నా ఎక్కువ. ఇక రేటు సంగతి. మనది తుఫాను తీరం. హుద్‌హుద్, తిత్లీ, మిచౌంగ్, మొంథా. పెంచుకోడానికి వీల్లేదని కట్టేస్తే కంపెనీ ఏం చేస్తుంది? ఈ తీరంలో పాలసీయే ఇవ్వడం తగ్గిస్తుంది. ఇవ్వనని ముఖం మీద చెప్పదు, ఫైల్ పెండింగ్‌లో పెట్టి మీ ఓపిక పోయేదాకా కూర్చుంటుంది.

మధురవాడ_మూర్తి
అప్పారావు గారూ, తుఫాను తీరమని రేటు పెంచితే తీరంలో అందరికీ పెంచండి, ఒప్పుకుంటా. మా పక్కింటాయనదీ అదే కొండవాలు, అదే వాన, అదే కంపెనీ. ఆయనకి నష్టం జరిగినా క్లెయిమ్ పెట్టలేదు, "ఎవడు తిరుగుతాడండీ" అని ఊరుకున్నాడు. ఆయన రేటు పెరగలేదు. అంటే వాన పడినందుకు కాదు, నేను అడిగినందుకు పెంచారు.

సీతమ్మధార_సుజాత
కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అన్నట్టుంది మీ పని

ఏజెంట్_అప్పారావు
@మధురవాడ_మూర్తి పక్కింటాయన గోడ కూలిందా? మీ గోడ కూలింది. గోడకి నీళ్లు బయటికి పోయే కన్నాలు వదిలారా లేదా? సర్వేయర్ రిపోర్టులో ఏం రాశాడో చూశారా?

మధురవాడ_మూర్తి
చూశాను. ఆయన గోడ ఫొటోలు చాలా తీసుకున్నాడు, కూలని భాగం దగ్గర వంగి కింది వరస రాళ్లలో వేలు పెట్టి చూశాడు కూడా. కన్నాలు లేవని రాశాడు, దానికే గోడ మొత్తంలో కోత పడింది. సరే, ఒప్పుకున్నాను. ఇప్పుడు కొత్త గోడ ఇంజినీరుని పెట్టించి కట్టాం, ప్రతి రెండు మీటర్లకీ పైపు వదిలాం, వెనక కంకర పోశాం. ఈ ఫొటోలు కంపెనీకి పంపితే "నోటెడ్ సార్" అని ఒక్క ముక్క వచ్చింది. రేటు అదే. పాత గోడకి శిక్ష కొత్త గోడ మోయాలా?

టారిఫ్_తాతయ్య
ఇదీ అసలు పాయింటు. మూర్తీ, నోటీసులో సమ్ ఇన్సూర్డ్ (బీమా చేసిన విలువ) ఎంత ఉంది, నిరుడు ఎంత ఉంది? మొత్తం చూసి గుండెలు బాదుకోకు, లక్షకి ఎంత పడుతోందో చూడు. చాలా సార్లు ఇంటి విలువ పెంచడం వల్ల పెరిగినదాన్ని కూడా జనం క్లెయిమ్ ఖాతాలో వేస్తారు.

మధురవాడ_మూర్తి
నిరుడు 30 లక్షలకి ప్రీమియం 2,700, జీఎస్టీతో 3,186. ఈసారి వాళ్లే 33 లక్షలు చేశారు, ప్రీమియం 4,455, జీఎస్టీతో 5,257.

గాజువాక_గణేష్
లెక్క కట్టాను. నిరుడు లక్షకి 90 రూపాయలు, ఇప్పుడు 135. రేటు పెంచకుండా విలువ ఒక్కటే పెంచి ఉంటే 33 లక్షలకి 2,970, జీఎస్టీతో 3,505 అయ్యేది. అంటే మీకు పెరిగిన 2,071లో ఇంటి విలువ వాటా 319 రూపాయలే, మిగతా 1,752 రేటుదే. రేటు సరిగ్గా 50 శాతం పెంచారు.

ఉప్పుగాలి
ఆ 18 శాతం జీఎస్టీ కూడా ఉందిగా. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీలకి తీసేశారు, ఇంటికి మాత్రం అలాగే ఉంచారు. ఇల్లంటే అందరికీ చులకనే

పెందుర్తి_పద్మ
క్లెయిమ్ ఇచ్చేటప్పుడు ప్రీమియం అని కొంత పట్టుకున్నారు మాకు. అదేమిటి? అది కూడా పెంపేనా?

టారిఫ్_తాతయ్య
@పెందుర్తి_పద్మ అది వేరమ్మా. ఈ పాలసీలో క్లెయిమ్ ఇచ్చాక కూడా మీ కవర్ తగ్గకుండా మళ్లీ పూర్తి మొత్తానికి నిలబెడతారు. ఇచ్చిన మొత్తం మీద, ప్రమాదం జరిగిన రోజు నుంచి పాలసీ ముగిసేదాకా మిగిలిన కాలానికి లెక్కగట్టి ప్రీమియం తీసుకుంటారు, దాన్నే క్లెయిమ్‌లోంచి మినహాయిస్తారు. చిన్న మొత్తం. మూర్తి విషయంలో లెక్కేస్తే యాభై రూపాయలకి అటూ ఇటూ ఉంటుంది. అది న్యాయమే, పాలసీలో రాసే ఉంది. రాయనిది ఈ 90 నుంచి 135.

డాలస్_వైజాగోడు
మీ గొడవ చదువుతుంటే నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది. మాది పెదవాల్తేరు, ఇప్పుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఇక్కడ ఏప్రిల్, మే వచ్చిందంటే వడగళ్లు. నిమ్మకాయంత ఉంటాయి, రూఫ్ షింగిల్స్ మీద నల్లటి మచ్చలు పడతాయి, మర్నాడు పొద్దున్నే రూఫింగ్ కంపెనీ కుర్రాళ్లు కాలింగ్ బెల్ కొట్టి "అంకుల్, ఫ్రీగా చూస్తాం" అంటూ నిచ్చెన వేసేస్తారు. నా ఇంటికి వడగళ్ల డిడక్టబుల్ 2 శాతం, అది నష్టంలో 2 శాతం కాదు, ఇంటి విలువలో. నాలుగు లక్షల డాలర్ల కవర్ అంటే మొదటి ఎనిమిది వేలు నావే. ఆ తర్వాతే కంపెనీ చెయ్యి జేబులోకి వెళ్తుంది. పైగా మీరు ఎక్కడ క్లెయిమ్ చేశారన్నది క్లూ అనే రిపోర్టులో ఏడేళ్లు ఉంటుంది, కంపెనీ మారినా వెంటే వస్తుంది.

కానీ ఒక మంచి విషయం. టెక్సాస్ చట్టంలో క్లెయిములు ఎక్కువయ్యాయని రెన్యువల్ ఆపేటప్పుడు గాలివాన, వడగళ్ల లాంటి ప్రకృతి కారణాల క్లెయిములు లెక్కలోకి తీసుకోకూడదు. దొంగతనం, పైపు లీకు అయితే వేరు. మూర్తి గారు అడిగేది అదే కదా, తుఫాను క్లెయిమ్‌ని నా తప్పుగా చూడకు అని. అయితే ఏరియా మొత్తానికి రేటు పెంచుకోవడాన్ని అది ఆపదు, అందుకే క్లెయిమ్ చేసినా చెయ్యకపోయినా మా వీధి అంతటికీ పెరుగుతూనే ఉంది.

ఏజెంట్_అప్పారావు
డాలస్ బాబూ, కాలిఫోర్నియా సంగతి కూడా చెప్పు మరి. అక్కడ కంట్రోల్ పెట్టి ఏమైందో.

డాలస్_వైజాగోడు
చెబుతా. 1988లో ప్రొపొజిషన్ 103 అని జనం ఓటేసి తెచ్చుకున్నారు. ఇంటికైనా కారుకైనా రేటు పెంచాలంటే కంపెనీ ముందు ఇన్సూరెన్స్ కమిషనర్ దగ్గర అనుమతి తీసుకోవాలి, ఆ కమిషనర్‌ని కూడా జనమే ఎన్నుకుంటారు. చాలా ఏళ్లు రేట్లు అదుపులో ఉన్నాయి. అడవి మంటలు పెరిగాక కంపెనీలు మాకు గిట్టుబాటు కాదు అన్నాయి. 2023 మేలో స్టేట్ ఫామ్ అనే బీమా కంపెనీ అక్కడ కొత్త ఇంటి పాలసీలు ఆపేసింది. 2025 జనవరి లాస్ ఏంజిలిస్ మంటల తర్వాత అదే కంపెనీకి ఇళ్ల మీద 17 శాతం అత్యవసర పెంపు కమిషనరే ఇవ్వాల్సి వచ్చింది. ఎవరూ పాలసీ ఇవ్వనివాళ్లు ఫెయిర్ ప్లాన్ అనే ఆఖరి దిక్కుకి పోతున్నారు. కాబట్టి అప్పారావు గారి మాటలో నిజం ఉంది.

ఏజెంట్_అప్పారావు
చూశారా 🙏

గాజువాక_గణేష్
సగం నిజం. అక్కడ వచ్చిన తిప్పలు మొత్తం రేటుని పట్టి ఉంచినందుకు. ఇక్కడ మూర్తి గారు మొత్తం రేటు పెంచొద్దు అనట్లేదు. తీరానికి లక్షకి 110 కావాలంటే అందరికీ 110 చెయ్యండి. క్లెయిమ్ పెట్టినవాడికి 135, నోరు మూసుకున్నవాడికి 90 అంటే ఏమవుతుంది? రేపటి నుంచి ఎవరూ చిన్న నష్టాలకి క్లెయిమ్ పెట్టరు, కారు బంపర్ గీతపడినా ఎన్‌సీబీ (క్లెయిమ్ చెయ్యనందుకు ఇచ్చే తగ్గింపు) పోతుందని ఊరుకుంటున్నాం చూడండి, ఇంటికీ అదే అలవాటవుతుంది.

ఏజెంట్_అప్పారావు
ఊరుకోవడమే మంచిది. ఎనిమిది వేల నష్టానికి క్లెయిమ్ పెట్టి హిస్టరీ పాడుచేసుకోవద్దని నా పార్టీలకి నేనే చెబుతాను. పెద్ద దెబ్బకి వాడుకోండి.

లాసన్స్‌బే_లత
ఈ సలహా పాలసీ అమ్మేటప్పుడు ఇవ్వరేం? అప్పుడు "ఏ చిన్నదైనా కాల్ చెయ్యండి మేడమ్" అంటారు.

కంచరపాలెం_కుర్రాడు
లత గారు ఒక్క దెబ్బతో వికెట్ తీశారు

టారిఫ్_తాతయ్య
ఇద్దరి మాటా విన్నాను, నా లెక్క ఇది. శాతం మీద సీలింగ్ పెట్టమని నేను అడగను, అప్పారావు అన్నట్టు పాలసీ ఇవ్వడం మానేసే ప్రమాదం ఉంది. నేను అడిగేది వేరు. తుఫాను, వరద, భూకంపం లాంటి వాటికి వచ్చిన క్లెయిమ్ మీద వ్యక్తిగత లోడింగ్ వద్దు, అది ఏరియా రేటులోనే చూసుకోవాలి. గోడ కట్టుబడి, వైరింగ్ లాంటి ఇంటి లోపం వల్ల అయితే లోడింగ్ వేసుకో, కానీ ఎంత వేశావో, ఎందుకు వేశావో, ఎన్నేళ్లకో నోటీసు మీద విడిగా రాయి. లోపం సరిచేశానని రుజువు చూపిస్తే తీసెయ్యి. పైసా చెల్లించని క్లెయిమ్‌ని, లత గారి కిటికీ లాంటిదాన్ని, అసలు లెక్కలోకే తేకు. మేం టారిఫ్ రోజుల్లో లోడింగ్ వేస్తే ఫైలు మీద కారణం రాయకుండా పై ఆఫీసరు సంతకం పెట్టేవాడు కాదు. ఇప్పుడు కంప్యూటరు వేస్తుంది, కారణం అడిగితే సిస్టమ్ చూపించట్లేదు అంటారు.

సీతమ్మధార_సుజాత
తాతయ్య గారిని ఐఆర్‌డీఏఐలో వెయ్యండి ఎవరైనా

మధురవాడ_మూర్తి
బాగానే ఉంది, ఇప్పుడు నేను చెయ్యాల్సింది ఏమిటి? గడువు నెలాఖరు.

గాజువాక_గణేష్
మొదట కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకి మెయిల్ పెట్టండి, లక్షకి రేటు 90 నుంచి 135 ఎందుకయిందో రాతపూర్వకంగా చెప్పమని. ఐఆర్‌డీఏఐ వాళ్ల ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసాలో కూడా ఎక్కించండి. ఒక నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తీర్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు, మనకి హైదరాబాద్ ఆఫీసు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. ప్రీమియం మీద వివాదం కూడా వాళ్లు తీసుకునే ఫిర్యాదుల్లో ఒకటి.

ఏజెంట్_అప్పారావు
ఫిర్యాదు చేసుకోండి, కానీ పాలసీ మాత్రం తెగనివ్వకండి. ఈ మధ్యలో ఏ వాయుగుండం వచ్చినా మీదే నష్టం. ఇంకో కంపెనీ కొటేషన్లు తీసుకోండి, పాలసీ వర్డింగ్ ఎలాగూ ఒకటే. ప్రపోజల్ ఫారంలో గత క్లెయిములు అడుగుతారు, దాచకండి, దాచారని తెలిస్తే రేపు అసలు క్లెయిమే కొట్టేస్తారు. కుదిరితే అయిదేళ్లకో పదేళ్లకో ఒకేసారి కట్టెయ్యండి. మధ్యలో క్లెయిమ్ వచ్చినా ఆ గడువయ్యేదాకా రెన్యువల్ గొడవ ఉండదు, ఇంటి విలువ ఏటా 10 శాతం దానంతటదే పెరుగుతుంది.

డాలస్_వైజాగోడు
పదేళ్లకి ఒకే రేటా!! ఇక్కడ ఆ మాట అంటే పిచ్చోడిలా చూస్తారు. వైజాగ్ వచ్చెయ్యాలి

ఉప్పుగాలి
రండి, లాసన్స్ బేలో ఫ్లాటు ఉంది, కిటికీ రెక్క ఒకటి తక్కువ

లాసన్స్‌బే_లత
😠

మధురవాడ_మూర్తి
అప్‌డేట్. కంపెనీ నుంచి జవాబు వచ్చింది: "మా అండర్‌రైటింగ్ నిబంధనల ప్రకారం ప్రీమియం నిర్ణయించబడింది." అంతే, నా గోడ ఊసే లేదు. వేరే రెండు కంపెనీల్లో అడిగాను, మొంథా క్లెయిమ్, కొత్త గోడ ఫొటోలు, ఇంజినీరు లెటర్ అన్నీ ముందే ఇచ్చాను. ఒకరు మౌనం. రెండోవాళ్లు లక్షకి 105 అన్నారు, ఇంజినీరు లెటర్ చూసే తగ్గించామని వాళ్లంతట వాళ్లే చెప్పారు. అయిదేళ్లకి కట్టేశాను. పాత కంపెనీ మీద బీమా భరోసాలో ఎక్కించింది మాత్రం వెనక్కి తీసుకోను. నెలయ్యాక ఆంబుడ్స్‌మన్‌కీ రాస్తాను, తాతయ్య గారు చెప్పిన మూడు పాయింట్లూ అందులో పెడతాను.

టారిఫ్_తాతయ్య
నోటీసు కాపీలు రెండేళ్లవీ జతచెయ్యి. గణేష్ వేసిన లెక్క ఒక కాగితం మీద విడిగా పెట్టు, అక్కడ చూసేవాళ్లకి సులువు.

పెందుర్తి_పద్మ
మేం అద్దె ఇంట్లో ఉంటాం. మాకు గోడ ఎలాగూ లేదు, సామాన్లకి మాత్రం ఇది చేయించుకోవచ్చా?

గాజువాక_గణేష్
చేయించుకోవచ్చు. బిల్డింగ్ వదిలేసి సామాన్లకి మాత్రమే తీసుకునే వీలు ఇందులోనే ఉంది. ఏ సామాను ఎంత విలువో లిస్టు రాసుకోండి, బిల్లులు ఫోన్‌లో ఫొటో తీసి ఎక్కడైనా దాచండి, బిల్లులు కూడా బీరువాలోనే ఉంచితే బురదలో అవీ పోతాయి.

ఏజెంట్_అప్పారావు
పద్మ గారూ, ఇన్‌బాక్స్ చూడండి

కంచరపాలెం_కుర్రాడు
అప్పారావు గారు దుకాణం తెరిచేశారు 😂